ఫోనులో చూసిన గాయకుణ్ణి హాల్లో వినడానికి వెళ్తుంటే

ప్రశ్న: మూడేళ్ళుగా ఒక గాయకుడి వీడియోలు వదలకుండా చూస్తున్నాను. తన గదిలో ఒక్కడే కూర్చుని, లూప్ పెడల్‌తో (పాడిన ముక్కను పట్టి మళ్ళీ మళ్ళీ వినిపించే, కాలితో నొక్కే యంత్రం) గొంతు మీద గొంతు పేర్చుకుంటూ, దాదాపు గుసగుసలా పాడతాడు. ఇప్పుడు మొదటిసారి ఊరూరా తిరిగి కచేరీలు చేస్తున్నాడు. టికెట్ కొన్నాను. కుర్చీలు ఉండవట, ఎనిమిది వందల మంది నిలబడి చూసే హాలు. నేనింతవరకు ఏ లైవ్ షోకీ వెళ్ళలేదు. తోడు ఎవరూ రావడం లేదు. పైగా నేను పొట్టి. వీడియోలో విన్నట్టే వినిపిస్తుందా? ఎక్కడ నిలబడితే మంచిది? రికార్డు చేసుకోవచ్చా? అయ్యాక అతన్ని కలవడం కుదురుతుందా?

సమాధానం: మొదటిదానికి సూటిగా చెప్పాలంటే, వినిపించదు. అందులో అతని తప్పేమీ ఉండకపోవచ్చు.

ఇన్నాళ్ళూ మీరు విన్నది, మూతికి పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో పెట్టిన మైకు పట్టుకున్న గొంతు. పది టేకుల్లోంచి ఏరుకుని, చిన్న ధ్వనుల్ని పెంచి, పెద్దవాటిని అణచి, చదును చేసి, ఇయర్‌ఫోన్ల గుండా తిన్నగా మీ చెవిలోకి దింపిన గొంతు. హాల్లో మీ చెవికి చేరేది గొంతూ స్పీకర్లూ గోడలూ జనమూ కలగలిసిన ధ్వని. ఖాళీ హాల్లో సాయంత్రం సరిచూసుకున్న సౌండు కూడా, మనుషులు నిండాక అలాగే ఉండదు. మనుషుల ఒళ్ళూ బట్టలూ ధ్వనిని పీల్చుకుంటాయి.

గుసగుసగా పాడేవాళ్ళకు ఇంకో చిక్కుంది. స్పీకర్లోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులో పడి, మళ్ళీ స్పీకర్లోంచి ఇంకాస్త పెద్దగా వచ్చి, ఆ చుట్టు తెగకపోతే మైకు కుయ్యిమని కూత పెడుతుంది. గట్టిగా పాడేవాళ్ళకు మైకును అంతగా పెంచనక్కర్లేదు కాబట్టి ఆ గొడవ తక్కువ. నెమ్మదైన గొంతుకు బాగా పెంచాలి, పెంచినకొద్దీ కూత హద్దు దగ్గరపడుతుంది. అందుకే గదిలో వాడే సున్నితమైన కండెన్సర్ మైకును ఇంట్లోనే వదిలి, వేదిక మీద పెదవులకు తగిలేలా పట్టుకునే డైనమిక్ మైకు వాడేవాళ్ళే ఎక్కువ. దాంతో ఊపిరి చప్పుళ్ళు, నాలుక కదలికలు, ఆ చెవిలో చెప్పినట్టుండే దగ్గరితనం తగ్గిపోతాయి. అతను కూడా వీడియోల్లోకంటే ఒక మెట్టు గట్టిగా పాడాల్సి వస్తుంది. ‘గొంతు మారిందేమిటి’ అనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

ఇక లూప్ సంగతి. వీడియోలో పొరలు పేర్చే భాగాన్ని కత్తిరించి పాట దగ్గరికి తెచ్చేస్తారు. వేదిక మీద కత్తెర ఉండదు. లెక్క వేసి చూడండి: నిమిషానికి 90 దెబ్బల వేగం, నాలుగు దెబ్బలకో బారు, ఎనిమిది బార్ల లూప్ అనుకుంటే ఒక్కో పొరకు 21 సెకన్లు పడుతుంది. నాలుగు పొరలకు దాదాపు నిమిషంన్నర. అంతసేపూ అసలు పాట మొదలుకాదు, గోడ కడుతున్నట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే విసుగుపడి కబుర్లలో పడతారు. నిజానికి ఈ నిమిషంన్నరే వీడియోలో దొరకనిది. మొదటి పొర తాళం తప్పితే దాని మీద వేసినవన్నీ తప్పుతాయి కనుక, ఒక్కోసారి మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెడతాడు. దాన్ని చూసి నవ్వకండి, పని తెలిసినవాళ్ళే అలా చేస్తారు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. అతను మైకులో పొర రికార్డు చేస్తున్నప్పుడు చప్పట్లు కొట్టకండి, ఈల వేయకండి. వేదికకు దగ్గరున్నవాళ్ళ చప్పట్లు మైకులో పడితే లూప్‌లో చేరిపోయి, పాట అయ్యేదాకా ప్రతి 21 సెకన్లకూ తిరిగి వస్తాయి. జనం తాళం ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది, దానికి కారణం దూరం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు 17 మీటర్ల వెనక ఉన్న మనిషికి పాట 0.05 సెకను ఆలస్యంగా చేరుతుంది, ఆ మనిషి చప్పట్లు తిరిగి వేదికను చేరడానికి మరో 0.05. గాయకుడికి అది పదో వంతు సెకను ఆలస్యం. సంగీతం తెలిసిన చెవికి అది తప్పుతున్న తాళమే. చెయ్యెత్తి తనే కొట్టమన్నప్పుడు కొట్టండి.

ఇంటర్నెట్‌లో పేరు తెచ్చుకున్నవాళ్ళంతా ఈ సమస్యను ఒకేలా తీర్చుకోలేదు. ఒకే తెర మీద పదిమంది తానై పాడిన వీడియోలతో పేరొచ్చిన జేకబ్ కోలియర్ వేదిక మీద పదిమంది కాలేడు కదా. ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన బెన్ బ్లూమ్‌బర్గ్ సాయంతో ఒక గొంతును అప్పటికప్పుడు ఎన్నో స్వరాలుగా విడదీసే వాద్యం తయారు చేయించుకున్నాడు. తర్వాత్తర్వాత హాల్లోని జనాన్నే భాగాలుగా విడదీసి, చేతి సైగలతో బృందగానం పాడించడం అతని కచేరీలకు గుర్తుగా మారింది. మార్క్ రెబియే మరో దారి పట్టాడు. లూప్ యంత్రం ముందు నిలబడి అప్పటికప్పుడు పుట్టించడమే అతని ప్రదర్శన. ఇంకొందరు బ్యాండును వెంట తెచ్చుకుంటారు, కొందరు ముందే రికార్డు చేసిన ట్రాకు మీద పాడతారు. మీ గాయకుడిది ఏ దారో ముందే తెలుసుకుంటే సగం నిరాశ తప్పుతుంది. దానికి అతను స్వయంగా పెట్టిన ‘లైవ్’ వీడియోలు చూడకండి. వాటికి తర్వాత మెరుగులు దిద్దే వీలుంటుంది. ఇదే పర్యటనలో ముందు జరిగిన షోల్లో ప్రేక్షకులు ఫోనుతో తీసినవి రెండు మూడు చూడండి. సౌండు నాసిగా ఉన్నా నిజం చెబుతాయి. వేదిక మీద ఎందరున్నారు, కీబోర్డు ఏ పక్కన పెట్టుకున్నాడు, ఎంతసేపు పాడాడు అన్నవన్నీ తెలిసిపోతాయి. పాటల వరస ముందే తెలిస్తే మజా పోతుందనుకుంటే దాని జోలికి పోకండి. ఒక్క విషయం మాత్రం ఊహించి చెప్పవచ్చు: అందరికీ తెలిసిన ఆ వైరల్ పాట చివర్లోనే వస్తుంది. మొదటి పాట నుంచీ దానికోసం అరవడం దండగ. దానికన్నా అంతగా ఎవరూ వినని పాటలు నాలుగైదు పూర్తిగా వినిపెట్టుకోండి. ముప్పై సెకన్ల ముక్కలతో పేరొచ్చినవాళ్ళ షోల్లో జనానికి పల్లవి తప్ప ఇంకేమీ రాదు. చరణం రాగానే హాలు చల్లబడుతుంది, అది వేదిక మీదివాళ్ళకు తెలుస్తుంది.

టికెట్ కొన్నానన్నారు కనుక దాని గురించి క్లుప్తంగా. యాప్‌లో వచ్చే టికెట్లలో కొన్నింటికి క్యూఆర్ కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంటుంది, వాటి స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనికిరాదు. హాలు బయట వందలమంది ఒకేసారి నెట్ వాడటంతో సిగ్నల్ నీరసిస్తుంది కాబట్టి ఇంటి దగ్గరే టికెట్ తెరిచి, యాప్ అనుమతిస్తే ఫోను వాలెట్‌లో వేసుకోండి. ఎవరైనా పీడీఎఫ్ టికెట్ అమ్ముతానంటే గుర్తుంచుకోండి, ఒకే కాగితాన్ని పదిమందికి అమ్మవచ్చు, గేటు దగ్గర మొదట స్కాన్ చేసినవాళ్ళకే ప్రవేశం. షో రద్దయితే డబ్బు మామూలుగా మొదట కొన్నవాళ్ళ ఖాతాకే వెళ్తుంది తప్ప, వాళ్ళ దగ్గర కొనుక్కున్నవాళ్ళకు కాదు. అన్నిటికన్నా పెద్ద మోసం ఇంకోటుంది. అతని ఫొటో, కాస్త అక్షరం తేడాతో అతని పేరు పెట్టుకున్న ఖాతా నుంచి ‘నిన్ను వేదిక వెనక కలుస్తాను, పాసుకు ఇంత పంపు’ అని మెసేజ్ వస్తుంది. అసలు గాయకుడు అలా విడివిడిగా మెసేజ్ పెట్టి పాసులు అమ్మడు. ఉన్న ప్యాకేజీలేవో అతని ప్రొఫైల్లో ఉన్న లింకులోనే ఉంటాయి.

టికెట్ మీద రెండు సమయాలుంటే, మొదటిది తలుపులు తీసేది, రెండోది షో మొదలయ్యేది. ఒకటే ఉంటే అది ఎక్కువగా తలుపులు తీసే సమయమే. తలుపులు తీసిన గంట తర్వాత, మీ గాయకుడికంటే ముందు పాడే కళాకారులెవరో అరగంట పాడతారు, సామాన్లు మార్చడానికి మరో ఇరవై ముప్పై నిమిషాలు, అప్పుడు మీవాడు. అతను పాడేది గంటా పావు నుంచి గంటన్నర ఉండవచ్చు. పాటలు తక్కువున్న కొత్తవాళ్ళయితే గంటతో సరిపెట్టవచ్చు. మొత్తంమీద మూడు నాలుగు గంటలు కాళ్ళ మీద ఉండాలి. వేసుకుని అలవాటైన బూట్లు, చిన్న సంచి. పెద్ద సంచులు, లెన్సు ఊడదీసే కెమెరాలు, సీసాలు చాలాచోట్ల లోపలికి రానివ్వరు, హాలు నియమాలు ముందే చదువుకోండి.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలన్నది. కొత్తగా వెళ్ళేవాళ్ళంతా ముందు వరసకు పరుగెడతారు. ముఖం చూడటానికి అది మంచి చోటే, వినడానికి మాత్రం అంత బాగుండదు. పెద్ద స్పీకర్లు వేదికకు రెండు పక్కలా, పైనా ఉండి, హాలు మధ్యకు గురిపెట్టి ఉంటాయి. ముందు వరసలో నిలబడ్డవాళ్ళ తల మీదుగా గొంతు వెళ్ళిపోతుంది. వాళ్ళకు వినిపించేది వేదిక మీద మోగే వాద్యాలూ, వేదిక కింద పెట్టిన బేస్ స్పీకర్ల అదురూ. కొన్ని హాళ్ళలో ముందువాళ్ళకోసం చిన్న స్పీకర్లు వేదిక అంచున పెడతారు, అన్నిచోట్లా ఉండవు.

సౌండు బాగుండే చోటు కావాలంటే సౌండ్ ఇంజనీరు ఎక్కడున్నాడో చూడండి. మిక్సర్ బల్ల హాలు మధ్యలోనో వెనక భాగంలోనో ఉంటుంది. అక్కడ తన చెవికి బాగుండేలా అతను మొత్తం ధ్వనిని సరిచేస్తాడు కాబట్టి, అతనికి రెండడుగులు ముందో పక్కనో నిలబడితే అతను విన్నదే మీరూ వింటారు. అయితే నట్టనడుమ గీత మీద కాకుండా ఒకటి రెండు మీటర్లు పక్కకు జరగండి. బేస్ స్పీకర్లు ఎడమా కుడీ విడిగా పెట్టిన హాళ్ళలో, రెండింటి నుంచి సమాన దూరంలో ఉన్న మధ్య గీత మీద వాటి అలలు కలిసి బేస్ ఉబ్బిపోతుంది. అలా జరిగితే గొంతు తేటపడటం మీకే తెలుస్తుంది. బాల్కనీ కింద వెనకగా నిలబడకండి, అక్కడికి పై స్థాయి ధ్వనులు సరిగా చేరవు, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. గోడకు వీపు ఆనిస్తే బేస్ గుమ్మంటుంది.

పొట్టి అన్నారు కాబట్టి ముందు వరస, నడుమ గుంపు అనే రెండింటి మధ్యే ఎంచుకోనక్కర్లేదు. హాల్లో ఎత్తు తేడాలెక్కడున్నాయో చూడండి: వెనక భాగంలో రెండు మెట్లు ఎత్తుగా ఉన్న అరుగు, పక్క మెట్లకు ముందుండే కడ్డీ, బాల్కనీ మొదటి వరస. తలుపులు తీసిన పావుగంటలోపు వెళ్తే ఇవి దొరుకుతాయి, ఎందుకంటే అప్పుడు అందరూ ముందుకు పరుగెడుతుంటారు. కడ్డీకి ఆనుకునే చోటు దొరికితే వదలకండి, ఎదుట ఎవరూ నిలబడరు, నడుముకు ఆసరా. లూప్ పెడల్ నేల మీద ఉంటుంది, అతని పాదాలు కింద నిలబడ్డవాళ్ళకు కనపడనే కనపడవు. అవి చూడాలంటే బాల్కనీయే గతి. కీబోర్డు అయితే అతను తిరిగి కూర్చునే పక్కను బట్టి, చేతులు కనిపించే వైపు నిలబడండి.

ఒంటరిగా వెళ్ళడం గురించి దిగులు పడకండి. దీపాలు ఆరాక ఎవరూ ఎవర్నీ చూడరు. పైగా ఒక్క మనిషి పట్టే సందు గుంపులో ఎప్పుడూ దొరుకుతుంది, నలుగురు పట్టేది దొరకదు. ఇబ్బందల్లా బాత్రూముకు వెళ్తే చోటు పట్టి ఉంచేవాళ్ళు ఉండరు. ముందు పాడేవాళ్ళ చివరి పాటప్పుడు వెళ్ళిరండి, విరామంలో క్యూ పెరిగిపోతుంది.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు వినవచ్చన్నది పని ప్రదేశాలకు వాడే ఒక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది: 94 అయితే గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. సంగీత వేదికల్లో ఏ పావుగంట సగటు తీసినా 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. అంటే ఆ ప్రమాణం పాటించిన హాల్లో కూడా గంటన్నర ఉత్త చెవులతో ఉండటం ఎక్కువే. గుసగుస గాయకుడు కదా అని ధీమా వద్దు, ముందు పాడేవాళ్ళు డ్రమ్స్‌తో రావచ్చు, వేలంవెర్రిగా అరిచే జనం గొంతులూ తక్కువేమీ కావు.

చెవుల్లో పెట్టుకునే నురుగు ప్లగ్గులు చవకే, బాగా ఆపుతాయి, కానీ పై స్థాయి ధ్వనుల్ని ఎక్కువగా మింగేసి పాటను మసకబారుస్తాయి. సంగీతం కోసమే ఫిల్టరుతో చేసిన ప్లగ్గులు అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి, గొంతు తేటగానే ఉంటుంది. 100ను 82కు దింపితే షో మొత్తం హాయిగా వినవచ్చు. నురుగువి పెట్టుకునే పద్ధతి చాలామందికి తెలియదు. వేళ్ళ మధ్య సన్నటి కడ్డీలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, ప్లగ్గును లోపలికి తోసి, అది ఉబ్బేదాకా ఇరవై ముప్పై సెకన్లు వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనబడుతుంటే డబ్బా మీద రాసిన రక్షణలో చాలా భాగం దక్కదు. పాట మొదలుకాకముందే పెట్టుకోండి. మధ్యలో పెట్టుకుంటే అంతా నీళ్ళలో మునిగినట్టు అనిపించి తీసేయబుద్ధవుతుంది. ఇంటికొచ్చాక చెవిలో రొద ఉంటే సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. రెండు రోజులైనా ఉంటే చెవి డాక్టరుకు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే రెండు రోజులు చూడకుండా వెంటనే వెళ్ళాలి.

ముందు భాగంలో నిలబడితే తొక్కిడి గురించి కూడా తెలిసి ఉండాలి. చదరపు మీటరుకు ఐదుగురికి మించితే ప్రమాదం మొదలైనట్టే, ఆరేడుగురైతే గుంపు మనుషుల్లా కాక నీళ్ళలా కదులుతుంది. మీ భుజాలు రెండు పక్కలా ఇతరులకు నొక్కుకుని, మీరు అనుకోకుండానే జరుగుతుంటే అక్కడ ఉండకండి. చేతులు ఛాతీకి ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. తోపు వచ్చినప్పుడు ఎదురు తోయకండి, అది ఆగిన సందులో ఏటవాలుగా పక్కకు జరగండి. పొట్టివాళ్ళకు గుంపులో గాలి ఇంకా తక్కువ. కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళలో ఎక్కువమంది మధ్యాహ్నం నుంచి ఏమీ తినకుండా, నీళ్ళు తాగకుండా, మోకాళ్ళు బిగించి క్యూలో నిలబడ్డవాళ్ళే. చూపు మసకబారినా చల్లటి చెమట పట్టినా, ఖాళీ చోటికి వచ్చి వెంటనే కూర్చోండి. రావడానికి కుదరకపోతే కాళ్ళు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి తొడల కండరాలు గట్టిగా బిగించండి, రక్తం తలకు చేరుతుంది.

రికార్డింగ్: హాలూ గాయకుడూ వద్దని చెప్పకపోతే ఒకటి రెండు ముక్కలు తీసుకోవచ్చు. మొదటి పాట తీయకండి. జనంతో నిండిన హాలుకు ఇంజనీరు సౌండు కుదుర్చుకోవడానికి రెండు మూడు పాటలు పడుతుంది, మొదటిదానిలో గొంతు మునిగో తేలో ఉంటుంది. ఫోనులో తెర మీద అతని ముఖం నొక్కి పట్టుకుని వెలుతురు లాక్ చేసి, కాస్త కిందికి దించండి. అలా చేయకపోతే చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, ముఖం తెల్లటి మచ్చగా వస్తుంది. జూమ్ వద్దు. మైకు రంధ్రం మీద వేలు పడకుండా చూసుకోండి. బేస్ స్పీకరు దగ్గర తీస్తే సౌండు బరబరలాడుతుంది, ఫోను మైకు అంత ఒత్తిడి తట్టుకోలేక అలల తలలు నరికేస్తుంది, అది తర్వాత ఏ యాప్‌తోనూ బాగుపడదు. మిక్సర్ దగ్గర తీసిందే మెరుగు. 4కెలో నిమిషానికి 170 ఎంబీ నుంచి 400 ఎంబీ దాకా పట్టవచ్చు, ఖాళీ ముందే చూసుకోండి. సిగ్నల్ వెతుక్కుంటూ ఫోను ఛార్జింగ్ తినేస్తుంది కనుక లోపల ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫ్లాష్ ఆపి, తెర వెలుగు తగ్గించి, ఫోను మీ ముఖం ఎత్తు దాటకుండా పట్టుకోండి, మీ వెనక మీకంటే పొట్టివాళ్ళు ఉండవచ్చు. ఇంకా విడుదల కాని పాట పాడుతూ తీయవద్దంటే తీయకండి, తీసి నెట్‌లో పెట్టకండి. ఆ పాట మీద అతని సంపాదన ఉంది.

సంపాదన మాటొచ్చింది కాబట్టి, హాల్లో గాయకుడి పేరుతో టీషర్టులు అమ్మే బల్ల దగ్గర మొహమాటపడేవాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. యూట్యూబ్‌తోనే పేరొచ్చిన పాంప్లమూస్ జంట 2014లో అమెరికాలో 28 రోజుల్లో 23 నగరాల్లో 24 షోలు చేసింది. జనం బాగానే వచ్చారు. ఆదాయం 1,35,983 డాలర్లు, ఖర్చు 1,47,802. నష్టం 11,819 డాలర్లు అని వాళ్ళే బయటపెట్టారు. లైట్లు, వ్యాను, హోటళ్ళు, వెంట వచ్చిన వాద్యకారుల, సిబ్బంది జీతాలు వచ్చినదాన్ని తినేస్తాయి. లక్షల వ్యూస్ ఉన్నాయి కదా, అతనికి లోటేమిటి అనుకోకండి. కొనాలనిపిస్తే అక్కడే కొనండి. ముందు పాడేవాళ్ళ సమయంలో అయితే క్యూ చిన్నది, సైజులూ ఉంటాయి.

చివరి ప్రశ్న, కలవడం. డబ్బు కట్టే ‘కలిసి ఫొటో’ ప్యాకేజీల్లో ఏముంటుందో లెక్కవేసుకోండి. వందమందికి తలా ముప్పై సెకన్లు ఇచ్చినా యాభై నిమిషాలు పడుతుంది, అంతకు మించి ఎవరికీ దక్కదు. దానితోపాటు త్వరగా లోపలికి వదలడమో, షోకు ముందు సౌండు సరిచూసుకునే సౌండ్‌చెక్ చూడనివ్వడమో ఉంటేనే ఆ డబ్బు విలువైనది. ముఖ్యంగా సౌండ్‌చెక్ అయితే లూప్ ఎలా కడతాడో ఖాళీ హాల్లో చూడవచ్చు. ప్యాకేజీ లేకపోయినా ఈ పరిమాణం హాళ్ళలో చాలామంది షో అయ్యాక ఇరవై ముప్పై నిమిషాలకు టీషర్టుల బల్ల దగ్గరికి వస్తారు. వస్తాడో రాడో బల్ల దగ్గర ఉన్నవాళ్ళను ముందే అడగండి, వాళ్ళు చెబుతారు. రాడంటే వెనక తలుపు దగ్గర కాపు కాయకండి, హోటల్ వెతుక్కుంటూ అసలే వెళ్ళకండి.

మీరతన్ని మూడేళ్ళుగా రోజూ చూస్తున్నారు, అతను మిమ్మల్ని చూడటం అదే మొదటిసారి. ఆ తేడాను మరిచిపోయి చిన్నప్పటి స్నేహితుడిలా భుజం మీద చెయ్యి వేస్తే ఇద్దరికీ ఇబ్బంది. ముప్పై సెకన్లలో ఒక్క మాటే పడుతుంది, అదేదో ముందే అనుకుని వెళ్ళండి. ‘మీ పాటలంటే ప్రాణం’ అనే మాట అతను ఆ రాత్రి వందసార్లు వింటాడు. ఏ పాటలో ఏ మూడో పొర దగ్గర మీకు ఒళ్ళు జలదరించిందో చెబితే తలెత్తి చూస్తాడు. ఫొటో కావాలంటే అడిగి, ఫోను ముందే కెమెరా తెరిచి వెనక ఉన్నవాళ్ళ చేతికివ్వండి. గొంతు పాడవకుండా పాడిన తర్వాత మాట్లాడకూడదని నియమం పెట్టుకున్న గాయకులూ ఉంటారు, అతను తలూపి నవ్వి ఊరుకుంటే చిన్నబుచ్చుకోకండి.